ఒళ్లో పాపాయి... 170 కిలోలు!

కారు ముందుసీట్లో అమ్మ. ఒళ్లో పదికిలోల పాపాయి. 'గట్టిగా పట్టుకున్నాగా, ఏం కాదులే' అన్న ధీమా. కారు వేగం గంటకు 60 కిలోమీటర్లే. అదే వేగంతో వెళ్లి చెట్టును గుద్దుకుని సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోతే..? ఏమవుతుందో తెలియాలంటే బళ్లో చదువుకున్న త్వరణం పాఠాన్ని ఓసారి గుర్తుచేసుకోవాలి.

వేగం ఎంత త్వరగా మారుతోందో చెప్పేదే త్వరణం. అయితే దాన్ని కొలిచే తీరు అందరికీ ఒకటి కాదు. మన పాఠ్యపుస్తకాల్లో మీటర్లు, అమెరికాలో అడుగులు. భూకంపాలను కొలిచేవారిది 'గాల్'. గెలీలియో పేరుతో వచ్చిన ఈ ప్రమాణం సెంటీమీటర్ల లెక్క. పైలట్లూ వ్యోమగాములూ మాత్రం 'జీ'ల్లో మాట్లాడతారు. ఒక జీ అంటే భూమ్యాకర్షణతో కిందపడే వస్తువు వేగం సెకను సెకనుకూ 9.80665 మీటర్ల చొప్పున పెరగడం. 1901లో అంతర్జాతీయంగా ఖరారైన విలువ ఇది. అదే అడుగుల్లో అయితే 32.174. గాల్స్‌లో 980.665. ఈ మూడంకెలు తెలిస్తే చాలు, ఏ ప్రమాణాన్నయినా మరోదాంట్లోకి మార్చేయొచ్చు.

ఈ జీలను ఒంటిమీదే పరీక్షించుకున్నాడో డాక్టరు. పేరు జాన్ స్టాప్, అమెరికా వైమానికదళం అధికారి. 18 జీలు దాటితే మనిషి బతకడన్నది ఆయన ప్రయోగాలు మొదలుపెట్టేనాటికి ఉన్న నమ్మకం. 1954 డిసెంబరు 10న న్యూమెక్సికోలో పట్టాలమీద పరుగెత్తే రాకెట్ బండిలో కూర్చున్నాడాయన. వేగం గంటకు 632 మైళ్లు... అంటే 1,017 కిలోమీటర్లు! 1.4 సెకన్లలో బండి ఆగిపోయింది. ఆ క్షణాల్లో ఆయన మీద పడిన గరిష్ఠ తాకిడి 46.2 జీలు. దాన్ని 9.80665తో హెచ్చవేస్తే 453 మీటర్లు, 32.174తో హెచ్చవేస్తే 1,486 అడుగులు. కళ్లలో రక్తం చిమ్మి కాసేపు చూపు పోయింది. కానీ ప్రాణం దక్కింది, చూపూ తిరిగొచ్చింది. ఒంటిని సీటుకు గట్టిగా బిగించిన పట్టీలే ఆయన్ని కాపాడాయి. ఆ తర్వాత కార్లలోనూ సీటుబెల్టు ఉండాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు.

ఇప్పుడు మన కారు సంగతి. 60ని 3.6తో భాగిస్తే సెకనుకు 16.7 మీటర్లు. అంత వేగమూ 0.1 సెకనులో సున్నా అయిందంటే త్వరణం 167. దాన్ని 9.8తో భాగిస్తే... 17 జీలు! అంటే పదికిలోల పాపాయి ఆ క్షణాన 170 కిలోల బరువుతో ముందుకు దూసుకెళ్తుంది. రెండు బస్తాల బియ్యాన్ని మించిన బరువు. ఏ తల్లి చేతులు ఆపగలవు?

లెక్క మీటర్లలో చేసినా అడుగుల్లో చేసినా జవాబు మారదు. కారులో పాపాయి చోటు అమ్మ ఒడి కాదు, వెనకసీట్లో బిగించిన చైల్డ్ సీటు!