ఫాంకోని అనీమియా: మజ్జ ఖాళీ కాకముందే మూలకణాల సేకరణ

ఎముక మజ్జలో రక్తకణాల ఉత్పత్తి క్రమంగా క్షీణించే వంశపారంపర్య వ్యాధుల్లో ఫాంకోని అనీమియా ముఖ్యమైనది. స్విట్జర్లాండ్‌కు చెందిన పిల్లల వైద్యుడు గిడో ఫాంకోని 1927లో ముగ్గురు అన్నదమ్ములలో దీనిని గుర్తించి వర్ణించారు. డీఎన్‌ఏకు కలిగే నష్టాన్ని సరిచేసే 20కి పైగా జన్యువులలో ఏదో ఒకటి లోపించడం ఇందుకు కారణం. చాలా సందర్భాలలో లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమించాలి. మేనరికాలు, మేనమామతో వివాహాలు కొనసాగుతున్న దక్షిణాది కుటుంబాలలో ఈ అవకాశం పెరుగుతుంది.

మజ్జ మార్పిడి దీనికి స్థిరపడిన చికిత్స. అయితే తోబుట్టువు మజ్జ పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. సరిపోలినా, ఆ తోబుట్టువుకూ ఇదే వ్యాధి లేదని ముందుగా నిర్ధారించుకోవాలి. మార్పిడికి ముందు ఇచ్చే కీమోథెరపీని ఈ పిల్లల కణాలు తట్టుకోలేవు గనుక మోతాదు బాగా తగ్గించవలసి ఉంటుంది.

అందుకే రోగి సొంత మూలకణాలనే సేకరించి, జన్యులోపాన్ని ప్రయోగశాలలో సరిదిద్ది, తిరిగి ఎక్కించే మార్గంపై పరిశోధకులు దృష్టి పెట్టారు. చిక్కంతా మొదటి మెట్టులోనే ఉంది. తరిగిపోతున్న కణాలనే సేకరించాలి.

మూలకణాలు సాధారణంగా మజ్జను అంటిపెట్టుకుని ఉంటాయి. ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు కొన్ని రోజులు ఇస్తే అవి రక్తంలోకి రావడం మొదలవుతుంది. ఆపై ప్లెరిక్సాఫర్ అనే మందు ఆ పట్టును కొన్ని గంటలలోనే మరింత సడలిస్తుంది. అప్పుడు రక్తాన్ని యంత్రంలోకి పంపి, మూలకణాలున్న పొరను వేరుచేసి, మిగిలినదాన్ని ఒంట్లోకి తిరిగి ఎక్కిస్తారు. పెద్దలకు ఇది కొన్ని గంటల ఓపికతో ముగిసే పని. 15 కిలోల పిల్లవాడి ఒంట్లో ఉండేది లీటరుకు కాస్త ఎక్కువ రక్తమే. యంత్రపు గొట్టాలలోకి వెళ్లే భాగం కూడా అతనికి భారమే. కనుక గొట్టాలను ముందుగా దాత రక్తంతో నింపుతారు. సాధారణ మార్పిడికి శరీర బరువులో కిలోకు కనీసం 20 లక్షల మూలకణాలు కావాలంటారు. ఈ పిల్లలలో అన్ని దొరకడం కష్టం. దొరికిన వాటిలోనూ కొన్ని శుద్ధి చేసేటప్పుడు నశిస్తాయి.

తక్కువ కణాలతోనైనా ఫలితం ఉంటుందన్న ఆశకు ప్రకృతిలోనే ఆధారముంది. కొందరు రోగులలో ఒక మూలకణంలోని లోపం దానంతటదే సరైపోతుంది. దాని సంతతి లోపమున్న కణాలను మించి పెరిగి, మజ్జను క్రమంగా ఆక్రమిస్తుంది. స్పెయిన్‌లో హువాన్ బ్యూరెన్ బృందం కీమోథెరపీ ఇవ్వకుండానే నలుగురు పిల్లలకు సరిదిద్దిన కణాలను ఎక్కించి, అవి నిలదొక్కుకుని పెరిగినట్లు 2019లో ప్రకటించింది. ఇది ఇంకా అందరికీ అందే చికిత్స కాదు. పైగా మజ్జను కాపాడినా, ఈ వ్యాధిలో నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు తొలగదు.

రక్తకణాలు బాగా పడిపోయాక సేకరణకు దిగితే దొరికేది స్వల్పం. అంటే బిడ్డ ఆడుతూ పాడుతూ తిరుగుతున్నప్పుడే ఆసుపత్రిలో చేర్చడానికి తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. యంత్రాన్ని నడపడం కన్నా ఇదే కష్టమైన అంగీకారం. అంత ముందుగా వ్యాధి బయటపడాలంటే బొటనవేలి లోపాలు, పొట్టి ఎదుగుదల, చర్మంపై గోధుమ రంగు మచ్చలు కనిపించినప్పుడే రక్తాన్ని క్రోమోజోమ్ పరీక్షకు పంపాలి. మైటోమైసిన్ వంటి రసాయనం కలిపినప్పుడు క్రోమోజోములు అసాధారణంగా విరిగితే వ్యాధి నిర్ధారణ అయినట్లే. తోబుట్టువులకు కూడా వైద్యులు ఇదే పరీక్ష చేయిస్తారు.