మీకు తెలుసా? బాలింత దిగులుకు ఎలుక సాక్ష్యం

దూడ చచ్చిన గేదె చేపదని కొల్లేటి చుట్టుపక్కల పాడి ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. వెనకటికి దీనికో ఉపాయం ఉండేది. చచ్చిన దూడ తోలు ఎండబెట్టి, లోపల గడ్డి కూరి, గేదె మూతి దగ్గర నిలబెట్టేవారు. అది వాసన చూసి, నాలుగుసార్లు నాకి, పాలు వదిలేది. పాలు వచ్చేది పొదుగులోంచే అయినా ఆజ్ఞ వచ్చేది తలలోంచి. దూడ జాడ తగలగానే మెదడులో తయారైన ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి దిగుతుంది, పొదుగులోని సన్నని కండరాలు బిగిసి పాలు జారతాయి. (దీన్నే సూదిమందుగా పొడిచి పాలు పిండుకునేవాళ్లున్నారు. పశువుకు చేటు చేసే ఇలాంటి సూదులు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం.)

ఈ ఆక్సిటోసిన్‌కు మెదడు లోపల ఇంకో పని కూడా ఉంది. ఈనని ఆడ ఎలుకకు పసికూనలంటే మొదట్లో బెదురే, దగ్గరకు రాదు. 1979లో అమెరికాలో పెడర్సన్, ప్రాంజ్ అనే శాస్త్రవేత్తలు అలాంటి ఎలుకల మెదడులోకి నేరుగా ఆక్సిటోసిన్ ఎక్కించారు. కొద్ది గంటల్లోనే వాటిలో చాలా ఎలుకలు పరాయి పిల్లల్ని నోట కరుచుకుని గూటికి చేర్చడం, నాకడం మొదలుపెట్టాయి.

మరి తల్లయ్యాక మనసు కుంగడం సంగతేమిటి? కడుపుతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది. దానిలోంచి అల్లోప్రెగ్ననొలోన్ అనే పదార్థం పుడుతుంది. మెదడులో ఆందోళనకు బ్రేకు వేసే గాబా అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలకు ఇది తోడ్పడుతుంది. ప్రసవం కాగానే దీని మోతాదు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ మార్పుకు తగ్గట్టు గ్రాహకాలు కూడా సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఏమవుతుందో 2008లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జేమీ మాగ్వైర్, ఇస్త్వాన్ మోడీ చూపించారు. ఆ గ్రాహకంలో 'డెల్టా' అనే భాగం లేకుండా పుట్టించిన చిట్టెలుకలు ఈనకముందు బాగానే ఉన్నాయి. ఈనాక గూడు సరిగా కట్టలేదు, పిల్లల్ని పట్టించుకోలేదు, చాలా కూనలు చచ్చిపోయాయి. మామూలు చిట్టెలుక ముందు మంచినీళ్ల సీసా, పంచదార నీళ్ల సీసా పెడితే తీపి వైపే పోతుంది. ఈ తల్లులకు ఆ తీపి మీద కూడా మనసు తగ్గింది. గ్రాహకాన్ని ఉత్తేజపరిచే మందు ఇస్తే చాలావరకు తేరుకున్నాయి.

అల్లోప్రెగ్ననొలోన్‌నే మందుగా మలిచిన బ్రెక్సనొలోన్‌కు 2019లో అమెరికా అనుమతి ఇచ్చింది. 60 గంటల పాటు నరంలోకి ఎక్కించాల్సి వచ్చేది. 2023లో అదే తరహా మాత్ర జురనొలోన్ వచ్చింది, 14 రోజుల వాడకం.

అయితే చిట్టెలుకకు ఆరళ్లు పెట్టే అత్తగారు లేదు. ఆడపిల్లను కన్నావన్న సాధింపూ లేదు. అప్పుల బాధ, మొగుడి తన్నులు అసలే లేవు. ఇలాంటివాటిని కారణాల్లో చేర్చిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. మన దేశంలోని 38 అధ్యయనాలను కలిపి చూస్తే తల్లుల్లో సుమారు 22 శాతం మందికి ప్రసవానంతర కుంగుబాటు ఉందని తేలింది. కాబట్టి రసాయనం ఒక్కటే కారణమని నేననను. కానీ రసాయనం కూడా ఉందని మన ఇళ్లలో ఒప్పుకోరు. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా పురిటికి పుట్టింటికొచ్చిన పిల్ల మూల కూర్చుని ఏడుస్తుంటే గాలి సోకిందంటారు, దిష్టి తీస్తారు. ఆపైన "పండులాంటి బిడ్డను పెట్టుకుని ఆ ఏడుపేంటే?" అని గదమాయింపు. గ్రాహకాలకు గదమాయింపు వినిపించదు.

పురుడైన కొత్తలో నాలుగు రోజులు కళ్లనీళ్లు పెట్టుకోవడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, నిద్ర పట్టకపోయినా, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోయినా డాక్టరుకు చూపించండి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి. తనకో, బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.