పాలసీసా – ఉగ్గుగిన్నె

శిశువునకు పాలు పట్టుట ఇంటి ఆడువారి పనియే కాని, ప్రభుత్వములు పట్టించుకొనదగిన విషయము కాదని పూర్వము పలువురి తలంపు. 1900 ప్రాంతమున ఇంగ్లండు దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 150 మంది ఏడాది నిండకుండగనే మరణించుచుండిరి. వేసవిలో వచ్చు అతిసారము అందులకు ముఖ్యకారణములలో నొకటి. అది తల్లిపాలు త్రాగు బిడ్డలకంటె సీసాపాలు త్రాగు బిడ్డలనే అధికముగా బలిగొనెను.

ఆనాటి పాలసీసాకు పొడవైన రబ్బరు గొట్టమును, దాని చివర రబ్బరు చనుమొనయు నుండెడివి. తల్లి పనిలో నున్నను బిడ్డ ఉయ్యాలలో పడుకొని తానే పీల్చుకొనవచ్చును. కాని ఆ గొట్టమును లోపల కడుగుట అసాధ్యము. విరిగిన పాలు అందు నిలిచి సూక్ష్మజీవులకు నెలవగుచుండెను. దానికి ‘హంతక సీసా’ యను పేరు ఊరక రాలేదు. ఫ్రాన్సు దేశము 1910లో శాసనము చేసి దానిని నిషేధించెను.

ఆ దేశముననే 1892లో పియేర్ బుదాన్ అను ప్రసూతి వైద్యుడు పారిస్‌లోని షారితే ఆసుపత్రియందు, పురుడు పోసుకొని వెళ్లిన తల్లులను బిడ్డలతో మరల రప్పించి, శిశువులను తూచుట ప్రారంభించెను. తల్లిపాలనే ప్రోత్సహించి, అవి చాలనివారికి మాత్రము శుద్ధిచేసిన పాలనిచ్చెడివాడు. నా దృష్టిలో ఆ పాలకంటె ఆ త్రాసే గొప్పది. బిడ్డ మంచమెక్కకమునుపే బరువు సంగతి చెప్పును గదా! 1894లో ఫేకాం పట్టణమున డాక్టరు ద్యుఫూర్ ‘పాలబొట్టు’ అను పేర పాలకేంద్రము నెలకొల్పెను. 1899లో ఇంగ్లండులోని సెయింట్ హెలెన్స్ పురపాలక సంఘము దాని ననుసరించెను.

డబ్బాపాల వ్యాపారమును అరికట్టుటకు మరింత కాలము పట్టినది. 1939లో సింగపూరున డాక్టరు సిసిలీ విలియమ్స్ ఆ ప్రచారమును హత్యతో పోల్చి తీవ్రముగా ఖండించెను. ప్రపంచ ఆరోగ్య సభ 1981లో నియమావళి నంగీకరించెను. మన దేశమున 1992 నాటి చట్టము ప్రకారము డబ్బాపై శిశువు బొమ్మ యుండరాదు. తల్లిపాలే శ్రేష్ఠమని ముద్రింపవలెను.

మన అవ్వల ఉగ్గుగిన్నెకు గొట్టము లేదు, మూత లేదు. వ్రేలు పెట్టి తోమి, మరగు నీటిలో వేయవచ్చును. చన్ను పట్టలేని పసికందులకు సీసాకంటె గిన్నెయే మేలని నేటి వైద్యులును చెప్పుచున్నారు. అయితే అదే అవ్వలు కొందరు ముర్రుపాలను పిండి పారబోయించిరి. అది మానవలసినది. పుట్టిన గంటలోపుననే ఆ పాలు పట్టవలెననియు, ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.