టేబుల్‌తో పాటు ఆట కూడా అప్పజెప్పి రావాలి

పూల్ టేబుళ్లు బిగించడం, వాటికి గుడ్డ మార్చడం నా వృత్తి. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరం, హిందూపురం, కదిరి... ఉమ్మడి జిల్లాలో ఎవరు కొత్తగా పార్లర్ పెట్టినా, పాత టేబుల్ వంకర పోయినా నాకు కబురు వస్తుంది. పని బెంగళూరులో నేర్చుకున్నాను. అక్కడైతే టేబుల్ బిగించి, కూలి తీసుకుని వచ్చేయొచ్చు. ఆట తెలిసినవాళ్లు ఆ వీధిలోనే పదిమంది దొరుకుతారు. మా వైపు అలా కాదు. టేబుల్ లారీ ఎక్కి వస్తుంది, రంగురంగుల బంతులు వస్తాయి, బంతిని కొట్టే కర్రలు, అంటే క్యూలు, గోడకు వేలాడతాయి, నేర్పే మనిషి మాత్రం రాడు. గంటకు ఇంత అని డబ్బు కట్టిన కుర్రాళ్లు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బాదుతారు. బంతులు ఎగిరి నేల మీద దొర్లుతాయి. కొత్త గుడ్డ నెల తిరక్కుండానే చిరుగుతుంది. అందుకే టేబుల్ మట్టం చూడడం ఎంత నా పనో, దాని చుట్టూ నిలబడేవాళ్లకు ఆట చెప్పడమూ అంతే నా పని అనుకుంటాను.

ముందు టేబుల్ సంగతి చెబుతాను. పచ్చగుడ్డ కింద ఉండేది చెక్క అని చాలామంది అనుకుంటారు. మంచి టేబుల్‌లో గుడ్డ కింద ఉండేది రాయి. అది పలక రాయి, మన మార్కాపురం పలకల జాతిదే. పోటీలకు పనికొచ్చే టేబుల్‌కు రాయి కనీసం అంగుళం మందం ఉండాలి. తొమ్మిదడుగుల టేబుల్ మీద ఆడే చోటు నూరు అంగుళాల పొడవు, యాభై అంగుళాల వెడల్పు. అంత రాయిని సాధారణంగా మూడు ముక్కలుగా తెచ్చి, పక్కపక్కన పరిచి, సందుల్లో మైనం కరిగించి పోసి, గీకి నున్న చేస్తాం. తాడిపత్రిలో ఒక పార్లర్ యజమాని అడిగాడు: "అన్నా, మన ఊర్లో ఇన్ని బండలుంటే బయట్నుంచి రాయి ఎందుకు తెప్పిస్తారన్నా?" మంచి ప్రశ్నే. తాడిపత్రి బండ ఇంటి నేలకు బంగారం లాంటిది. కానీ నేల మీద కంటికి ఆనని ఎత్తుపల్లాలు ఈ ఆటలో బంతిని దారి మళ్లిస్తాయి. అంగుళం మందం అంతటా ఒక్కలా ఉండేలా రాయిని మిషన్ మీద చెక్కాలి. ధర తగ్గించాలంటే మార్బుల్ పరుస్తారు, చౌక టేబుళ్లకైతే చెక్క పలకే. చెక్క మన ఎండకు వంగుతుంది, రాయి వంగదు.

గుడ్డ ఉన్నితో నేసింది. ధర్మవరంలో నేను గుడ్డ లాగి బిగిస్తుంటే మగ్గాల మీద పనిచేసే పిల్లలు వచ్చి చుట్టూ నిలబడతారు. ఎటు లాగితే గుడ్డ ఎంత సాగుతుందో వాళ్లకు చెప్పే పని లేదు. అంచు ఎక్కడ వదులుగా ఉందో వేలితో తాకి నాకంటే ముందే చెప్పేస్తారు. ఆ ఊళ్లో పని చేయడం నాకు ఎంత ఇష్టమో!

ఉన్ని గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన గుడ్డ మీద బంతి మందంగా దొర్లుతుంది, ఎండిన గుడ్డ మీద జారిపోతుంది. మాది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, దేశంలోనే వాన తక్కువ జిల్లాల్లో ఒకటి. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడి టేబుల్ మీద వైట్ బాల్‌ను కాస్త గట్టిగా తాకితే మూడు కుషన్లకు, అంటే టేబుల్ అంచులకు, తగిలి తిరిగి వస్తుంది. అందువల్ల ఇక్కడ నేర్చుకునేవాడికి మొదటి రోజు నుంచే మెత్తని చెయ్యి అలవాటు కావాలి. అదే కుర్రాడు వానాకాలంలో బెంగళూరు వెళ్లి ఆడితే బంతి పాకెట్ దాకా పోకుండా మధ్యలో ఆగిపోతుంది. అక్కడి గుడ్డ వేరు, గాలి వేరు అని ముందే తెలిస్తే రెండు షాట్లకు సర్దుకుంటాడు, తెలియకపోతే తన ఆటే పోయిందని కుంగిపోతాడు.

ఇక దుమ్ము. ఆషాఢంలో రామగిరి కొండ మీద గాలిమరలను తిప్పే గాలే మా ఊళ్లలో ఎర్రమట్టిని కిటికీ సందుల్లోంచి లోపలికి తోస్తుంది. గుడ్డ పోగుల్లో చేరిన ఇసుక రేణువు బంతి కింద పడ్డ ప్రతిసారీ పోగును కోస్తుంది. రోజూ ఆట మొదలుపెట్టే ముందు ఒకే దిక్కుగా బ్రష్ కొట్టాలి, బంతులను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. రేకుల షెడ్లలో నడిచే పార్లర్లలో క్యూలను గోడకు ఏటవాలుగా ఆనించి వదిలేస్తారు. వేడికి అవి వంగుతాయి. క్యూను టేబుల్ మీద పెట్టి దొర్లించి చూడండి, కొన ఎగిరెగిరి పడితే దాన్ని పక్కన పెట్టండి. నేర్చుకునేవాడికి వంకర క్యూ ఇవ్వడం అన్యాయం.

మా పార్లర్లలో ఆడే ఎయిట్ బాల్ గురించి తెలియనివారికి రెండు మాటలు. వైట్ కాక పదిహేను బంతులు. 1 నుంచి 7 వరకు నిండు రంగువి, 9 నుంచి 15 వరకు చారలవి, 8 నలుపు. ఒకరికి నిండువి, ఒకరికి చారలవి. తనవన్నీ ముందు పాకెట్ చేసి, చివరికి నలుపును వేసినవాడు గెలిచినట్టు. బంతి అడ్డుకొలత రెండుంపావు అంగుళాలు, అంటే 57 మిల్లీమీటర్లు.

మా జిల్లాలో క్యారమ్స్ ఆడకుండా పెరిగినవాళ్లు తక్కువ. అరుగుల మీద, యూనియన్ ఆఫీసుల్లో, హాస్టళ్లలో అదే ఆట. పూల్ టేబుల్ దగ్గరికి వచ్చే ప్రతి కుర్రాడి చేతిలో ఆ విద్య ముందే ఉంటుంది. అది సగం సాయం చేస్తుంది, సగం అడ్డుపడుతుంది. ఏ కాయను ఏ పక్క తాకితే ఎటు పోతుందో, అంచుకు తగిలి ఏ కోణంలో తిరిగొస్తుందో వాళ్లకు కంటికి తెలుసు. అది పెద్ద ఆస్తి. అడ్డుపడేది ఒకటే. క్యారమ్స్‌లో స్ట్రైకర్ ఎక్కడ ఆగిందన్న చింత అంతగా ఉండదు, తర్వాతి షాట్‌కు దాన్ని మళ్లీ గీత మీద పెట్టుకుంటాం. పూల్‌లో వైట్ ఎక్కడ ఆగితే అక్కడి నుంచే ఆడాలి. ఈ ఒక్క తేడా నుంచే మిగతా ఆటంతా పుట్టింది. బంతి పాకెట్‌లో పడిందని ఎగిరి గంతేసే కుర్రాడిని నేను అడిగేది ఒకటే: "వైట్ యాడుంది నాయనా?" అది కుషన్‌కు అతుక్కుని ఉంటే వాడి తర్వాతి షాట్ అప్పటికే సగం పోయింది.

నేర్పేటప్పుడు బంతుల జోలికి వెంటనే పోను. ముందు నిలబడడం. కాళ్లు స్థిరంగా, తల క్యూ మీదకు వంగి, గడ్డం దాదాపు క్యూకు తగిలేలా. ముందు చెయ్యి గుడ్డ మీద పరిచి, బొటనవేలు ఎత్తి పెడితే క్యూ జారడానికి దారి ఏర్పడుతుంది. వెనక చేతిలో మోచేతి కింది భాగం మాత్రమే కదలాలి, భుజం కదలకూడదు. క్యారమ్స్ వేళ్లకు ఇది కష్టంగా ఉంటుంది, అన్నిటికీ మణికట్టు విదిలిస్తారు. తర్వాత ఒక్క వైట్‌నే పెట్టి, టేబుల్ నిలువునా నేరుగా కొట్టమంటాను. ఎదుటి కుషన్‌కు తగిలి తిరిగొచ్చి మళ్లీ క్యూ కొనకే తాకాలి. పక్కకు పోతే వైట్‌ను నడిమధ్యన కాక పక్కన తాకినట్టు. చూడడానికి విసుగు పుట్టించే పనే, కానీ నిజం చెప్పే పని ఇంతకంటే ఇంకోటి లేదు.

ఆ తర్వాత గురి. గుంతకల్లులో ఒక పిల్లవాడు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే అడిగాడు: "నేరుగానే కొడ్తి కదన్నా, యాడికి పాయ?" వాడు నేరుగా కొట్టింది నిజమే. వైట్‌ను పాకెట్ వైపు కొట్టాడు. ఇక్కడ ఊహ కావాలి. పాకెట్ చేయాల్సిన బంతికి వెనక, పాకెట్‌కు సరిగ్గా ఎదురుగా, దాన్ని ఆనుకుని ఇంకో బంతి ఉందనుకోవాలి. లేని ఆ బంతి ఉన్నచోటికే వైట్ చేరాలి. దీన్ని ఇంగ్లిష్‌వాళ్లు ఘోస్ట్ బాల్ అంటారు. పిల్లలకు మాటలతో చెప్పను. నిజంగానే ఇంకో బంతిని తెచ్చి ఆనించి పెడతాను, దాని చోట చాక్‌తో చిన్న చుక్క పెట్టి బంతిని తీసేస్తాను. "ఇప్పుడు వైట్‌ను ఆ చుక్క మీదికి పంపు" అంటే ఆ బంతి పాకెట్‌లో పడుతుంది. పిల్లవాడి ముఖం అప్పుడు చూడాలి.

చివరగా వైట్ అదుపు. వైట్ దొర్లకుండా, వెనక్కి తిరగకుండా, జారుతూ వచ్చి తాకితే రెండు బంతులూ తొంభై డిగ్రీల కోణంలో విడిపోతాయి. సహజంగా దొర్లుతూ వచ్చి సగం బంతిని తాకితే వైట్ తన దారి నుంచి సుమారు ముప్పై డిగ్రీలు పక్కకు మళ్లుతుంది. ఈ రెండు కోణాలు తెలిసినవాడు వైట్ ఎటు పోతుందో షాట్‌కు ముందే చెప్పగలడు. వైట్ కింది భాగాన్ని తాకి వెనక్కి రప్పించడం, పక్కన తాకి సైడ్ పెట్టడం, అంటే బంతిని గిరగిరా తిప్పడం, అందరికీ మోజు. అవి తర్వాత. ముందే సైడ్ నేర్చినవాడి గురి ఎప్పటికీ కుదరదు.

ఇదంతా చెబితే కొందరు ఆటగాళ్లకు నా మీద కోపం. ప్రతి పార్లర్‌లో ఒకరిద్దరు ఉంటారు. ఓడినవాడు టేబుల్ డబ్బు కట్టాలన్నది పద్ధతి. తమకు తెలిసింది పక్కవాడికి తెలిస్తే రేపటి నుంచి డబ్బు తామే కట్టాలని వాళ్ల భయం. ఈ దాపరికం ఈనాటిది కాదు. 1820ల్లో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో జాక్ కార్ అనే బిలియర్డ్స్ మార్కర్ (ఆటలో పాయింట్లు లెక్కపెట్టేవాడు) బంతికి సైడ్ పెట్టడంలో ఘనుడు. అదంతా తన పొడి మహిమ అని చెప్పి చిన్న డబ్బీల్లో పోసి అమ్మాడు. అందులో ఉన్నది మామూలు సుద్దపొడి. కొన్నవాళ్లకు పొడి దక్కింది, విద్య దక్కలేదు. అదే కాలంలో ఫ్రాన్స్‌లో మాంగో అనే సైనికాధికారి ఉండేవాడు. క్యూ కొనకు తోలు బిళ్ల అతికించే పద్ధతి ఆయన పేరు మీదనే ప్రసిద్ధి. జైల్లో ఉన్న రోజుల్లో దాన్ని సాధన చేశాడని చెబుతారు. 1827లో పారిస్‌లో ఆయన తన షాట్లన్నీ బొమ్మలతో సహా పుస్తకంగా అచ్చు వేశాడు. నేను ఆ తోలు బిళ్లను, అంటే టిప్‌ను, మార్చిన ప్రతిసారీ ఆ మనిషికి మనసులో దండం పెట్టుకుంటాను. ఈ ఆటను ఇంత దూరం తెచ్చింది ఆయనలాంటివాళ్లు.

ఫిలిప్పీన్స్‌కు చెందిన ఎఫ్రెన్ రేయెస్ సంగతి పిల్లలకు తప్పక చెబుతాను. మనీలాలో మేనమామ పూల్ హాల్లో పెరిగాడు. ఎత్తు చాలక కూల్‌డ్రింక్ పెట్టెలు వేసుకుని వాటి మీద నిలబడి ఆడాడు, రాత్రి టేబుల్ మీదే పడుకునేవాడు. ఎవరూ ఫీజు కట్టి కోచ్‌ను పెట్టలేదు, చూసి నేర్చుకున్నాడు. 1999లో ప్రపంచ నైన్ బాల్ చాంపియన్ అయ్యాడు. మనకు దగ్గరలోనే బెంగళూరులో పంకజ్ ఆడ్వాణీ ఉన్నాడు. అన్న శ్రీ వెంట పార్లర్‌కు వెళ్లి ఆట పట్టుకున్నాడు. ఆట నేర్పే అరవింద్ సవూర్ మొదట ఎత్తు చాలదని వెనక్కి పంపినా, తర్వాత శిష్యుడిగా తీసుకున్నాడు. 2003లో చైనాలో పంకజ్ ప్రపంచ స్నూకర్ చాంపియన్ అయినప్పుడు వయసు పద్దెనిమిది. హైదరాబాద్ నుంచి లక్కీ వత్నాని ప్రొఫెషనల్ స్నూకర్ దాకా వెళ్లాడు.

ఆడపిల్లలు పార్లర్ గడప తొక్కరు. ఈ మాట రాయడం నాకు బాధగా ఉంది. తప్పు వాళ్లది కాదు, సిగరెట్ పొగ, బూతులు, పందేలు ఉన్నచోటికి ఏ తల్లీ కూతురిని పంపదు. బెంగళూరులో ఉమాదేవి అనే ప్రభుత్వ ఉద్యోగి క్లబ్‌కు టేబుల్ టెన్నిస్ ఆడడానికి వెళ్లేది. ఆ బల్లలు ఖాళీ లేక బిలియర్డ్స్ పట్టింది. 2012లో ప్రపంచ మహిళల బిలియర్డ్స్ టైటిల్ గెలిచింది. ఈ కథ చెప్పి, రోజులో రెండు గంటలైనా పొగ లేకుండా, కుటుంబాలు వచ్చేలా ఉంచమని ప్రతి యజమానినీ అడుగుతాను. కొందరు విన్నారు. హిందూపురంలో ఒకచోట ఆదివారం పొద్దున అక్కాచెల్లెళ్లిద్దరు తండ్రితో కలిసి వచ్చి ఆడుతున్నారు. చిన్నదానికి గురి బాగా కుదిరింది.

పార్లర్లలో తగాదాలన్నీ ఫౌల్ దగ్గరే వస్తాయి. వైట్ పాకెట్‌లో పడితే ఒక ఊళ్లో ఎదుటివాడికి రెండు షాట్లు, ఇంకో ఊళ్లో గీత వెనక నుంచి ఒకటే, మరోచోట ఎవరి నోరు పెద్దదైతే వాళ్ల మాట. 1875లో జబల్‌పూర్ సైనికుల మధ్య స్నూకర్ పుట్టినప్పుడూ ఇంతే, ఎవరి రూల్ వాళ్లదే. 1882లో ఊటీ క్లబ్‌లో రూల్స్ రాసి బిలియర్డ్స్ గది గోడకు పెట్టాకే ఆటకు ఒక రూపం వచ్చింది. నేనూ ఒక కాగితం తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి, లామినేషన్ చేయించి, బిగించిన ప్రతి టేబుల్ దగ్గర గోడకు అంటించి వస్తాను. ఫౌల్ అయితే ఎదుటివాడు వైట్‌ను చేత్తో తీసి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. వైట్ ముందు తన గుంపు బంతినే తాకాలి. నలుపు ముందే పడితే ఆట పోయినట్టు. షాట్ కొట్టేటప్పుడు ఒక కాలైనా నేల మీద ఉండాలి. మొదటి షాట్‌తో బంతులను చెదరగొట్టే బ్రేక్ చేసేటప్పుడు తప్ప బలంగా కొట్టొద్దు. ఆఖరి వరుస నేను పెట్టుకున్నదే: కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి గంట ఆట తెలిసిన ఒకరు తోడుండి చూపించాలి, ఆ గంటకు టేబుల్ డబ్బు తీసుకోకూడదు. ఈ వరుసకు ఒప్పుకున్న యజమానికి మొదటిసారి టిప్‌లు మార్చిన కూలి నేనూ తీసుకోను.