పగులు జాడ పట్టిన కుంచె

మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో నేల ఎక్కడ బీటలు వారిందో చూసి, కింద దుంప ఎక్కడుందో చెప్పేస్తారు అక్కడి ఆడవాళ్లు. పైన పాకిన తీగ ఎండిపోయినా, లోపల ఊరిన దుంప మట్టిని నెట్టి చీలుస్తుంది. ఆ చీలిక వెంట మొనదేలిన కర్రతో తవ్వుతారు. అన్వెర్లార అనే ఆ తీగ మన మినుముకూ పెసరకూ దగ్గరి చుట్టమే. దాని గింజను కామ్ అంటారు. ఆ పేరు మోసిన చిత్రకారిణి ఎమిలీ కామ్ ఉంగ్వారే.

ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఈశాన్యంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో యుటోపియా ఉంది. ఆ ప్రాంతంలోని అల్హాల్కరలో, 1910 ప్రాంతంలో, అన్మాజెర ప్రజల్లో పుట్టారామె. తెల్లవాళ్లు వచ్చి ఆ నేలను పశువుల మేతకు పట్టా చేసుకున్నారు. సొంత గడ్డ మీదే ఎమిలీ ఆ తెల్లవాళ్ల పశువులు కాశారు, ఒంటెలు తోలారు. సొంత బిడ్డలు లేకపోయినా బంధువుల పిల్లల్ని పెంచారు.

ఎనభైకి దగ్గరపడ్డాక 1988లో తొలిసారి కాన్వాస్ ముందు కూర్చున్నారు. 1996 సెప్టెంబరులో చనిపోయారు. ఈ ఎనిమిదేళ్లలో దాదాపు మూడు వేల చిత్రాలు! అందుకే ఆమె కథను ముసలితనంలో మెరిసిన అద్భుతంగా చెబుతుంటారు. నాకది అన్యాయంగా తోస్తుంది. అవెల్య అనే స్త్రీల క్రతువులో పాడుతూ, ఎర్రమట్టి, తెల్లసుద్ద రంగులతో తోటి ఆడవాళ్ల ఎదల మీదా భుజాల మీదా గీతలు దిద్దడం ఆమె బతుకంతా చేసిన పనే. ఇసుకలో వేలితో గీస్తూ కథ చెప్పడమూ అంతే. కాన్వాస్ కొత్తది, చేయి కాదు.

కాన్వాస్‌కు ముందు ఇంకో పదేళ్ల పని ఉంది. 1977 నుంచి యుటోపియా ఆడవాళ్లు బాటిక్ నేర్చుకున్నారు. పట్టుబట్ట మీద వేడి మైనంతో గీయడం, రంగులో ముంచడం, మళ్లీ నీళ్లు మరిగించి మైనం వదలగొట్టడం. ఆ కాలంలోనే తమ భూమి తమకు కావాలని అడిగినప్పుడు, ఆడవాళ్లు అవెల్య చేసి చూపించి తమ హక్కు చాటారు. వాళ్ల పాటా గీతా ఆ హక్కుకు సాక్ష్యాలయ్యాయి. బాటిక్ చాకిరీ ఇక తన వల్ల కాలేదనీ, అందుకే రంగులు పట్టాననీ ఎమిలీ చెప్పుకున్నారు.

పాశ్చాత్య విమర్శకులు ఆమె చిత్రాల్లో తమ చిత్రకారులైన పొలాక్‌నూ మొనేనూ వెతికారు. ఆమె పని వాళ్లను చూసి నేర్చింది కాదు. ఏం గీశారని అడిగితే దుంప, ఈము పక్షి, గడ్డి గింజలు, ముళ్లబల్లి, అవెల్య అంటూ వరసగా చెప్పి, అంతా అదేననేవారు. ఆ జవాబును యథాతథంగా నమ్మాలి. మెల్‌బోర్న్‌లోని విక్టోరియా నేషనల్ గ్యాలరీలో ఉన్న 1995 నాటి చిత్రాన్నే తీసుకోండి. ఎనిమిది మీటర్ల పొడవు, దాదాపు మూడు మీటర్ల ఎత్తు. నల్లటి నేపథ్యం మీద తెల్లటి గీతలు తప్ప మరో రంగు లేదు. ముందుగా నమూనా గీసుకోకుండా, నేల మీద పరిచిన బట్ట మీద కూర్చునే రెండు రోజుల్లో పూర్తి చేశారు. గీతలు కలుస్తాయి, చీలుతాయి, ఒకదాన్నొకటి దాటిపోతాయి. మట్టి కింద దుంపల వేళ్లు, మట్టి పైన వాటి బీటలు ఒకే గీతలో ఉన్నాయి. ఎక్కడ తవ్వాలో తెలిసిన చేయి గీసిన గీతలవి.

చుక్కలతో మొదలుపెట్టి చారలకు, చారల నుంచి ఈ వేళ్ల అల్లికకు వచ్చారు. చనిపోవడానికి రెండు వారాల ముందు వెడల్పాటి కుంచెతో మూడు రోజుల్లో 24 చిత్రాలు వేశారు. వాటిలో చుక్కా లేదు, గీతా లేదు, రంగుల పట్టీలే.

చనిపోయిన మరుసటి ఏడు వెనిస్ బియనాలే కళాప్రదర్శనలో ఆమె చిత్రాలు ఆస్ట్రేలియా తరఫున వేలాడాయి. 2008లో ఒసాకా, టోక్యో, 2025లో లండన్ టేట్ మోడర్న్ ఆమె చిత్రాలతో పెద్ద ప్రదర్శనలు ఏర్పాటు చేశాయి. బతికుండగా మాత్రం కాన్వాస్‌లు పట్టుకుని వ్యాపారులు ఆమె చుట్టూ తిరిగేవారు. వచ్చిన సొమ్ము చాలామటుకు చుట్టాలకే వెళ్లేది, పంచుకోవడం అక్కడి ధర్మం. 1994లో వేసిన ‘ఎర్త్స్ క్రియేషన్’ 2007లో పది లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటి, 2017లో 21 లక్షలకు అమ్ముడుపోయింది. చిత్రం చేతులు మారినప్పుడు కళాకారుల కుటుంబానికి వాటా ఇచ్చే చట్టం ఆ దేశంలో అమల్లోకి వచ్చింది 2010లో. 2007 నాటి ఆ అమ్మకం వేళకు ఆమె వారసులకు అలాంటి హక్కే లేదు.