గురుత్వంలో ‘ఆకర్షణ’ భావన - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

‘గురుత్వాకర్షణ’ అనే పదంలోనే ఒక సిద్ధాంతం ఇమిడి ఉంది. ద్రవ్యరాశులు ఒకదానినొకటి లాగుకొంటాయన్న న్యూటన్ భావనే అందులోని ‘ఆకర్షణ’. 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’ ఆ బలం ఎంతో లెక్కగట్టింది, ఎందుకో చెప్పలేదు. కారణాన్ని కనుగొనలేకపోయానని, ఊహలు కల్పించబోనని 1713 నాటి రెండవ ముద్రణలో న్యూటన్ స్వయంగా స్పష్టం చేశాడు.

2. రెండు ద్రవ్యరాశుల సమానత:

న్యూటన్ యాంత్రికశాస్త్రంలో ద్రవ్యరాశికి రెండు పాత్రలున్నాయి. చలనంలో మార్పును ప్రతిఘటించేది జడత్వ ద్రవ్యరాశి. గురుత్వానికి లోనయ్యేది గురుత్వ ద్రవ్యరాశి. ఈ రెండూ సమానం కావలసిన అవసరం ఆ సిద్ధాంతంలో ఎక్కడా లేదు. విద్యుత్ క్షేత్రంలో సమాన ఆవేశం గల రెండు కణాలలో ద్రవ్యరాశి ఎక్కువైనది తక్కువ త్వరణం పొందుతుంది. గురుత్వంలో అలా జరగదు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రునిపై వదిలిన సుత్తి, ఈక ఒకేసారి నేలను తాకాయి. 2022లో వెలువడిన మైక్రోస్కోప్ ఉపగ్రహ ఫలితాలలోనూ ప్లాటినం, టైటానియం మిశ్రలోహాల పతనంలో 10¹⁵లో కొన్ని భాగాల స్థాయి వరకు తేడా కనిపించలేదు.

3. ఐన్‌స్టీన్ వివరణ:

ఈ సమానతను ఐన్‌స్టీన్ యాదృచ్ఛికమని భావించలేదు. స్వేచ్ఛగా పడే మనిషికి తన బరువు తెలియదన్న 1907 నాటి ఆలోచనే ఆయనకు మార్గం చూపింది. అన్ని వస్తువులూ ఒకే తీరున పడుతున్నాయంటే, ఆ తీరు వస్తువులది కాదు, స్థలకాలానిది. 1915లో పూర్తయిన సాధారణ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ద్రవ్యరాశి, శక్తి స్థలకాలాన్ని వక్రీకరిస్తాయి. పడే వస్తువు అందులోని అత్యంత ఋజుమార్గాన్ని అనుసరిస్తుంది. నిలబడిన మనిషిని ఆ మార్గం నుంచి తప్పించేది నేల పైకి నెట్టే బలమే.

సాగిన రబ్బరు పలకపై ఇనుపగుండు ఉపమానం దీనిని పూర్తిగా వివరించదు. గుండు కిందికి దిగడానికి గురుత్వమే కావాలి. పైగా ఆ పలక స్థలాన్ని మాత్రమే సూచిస్తుంది. నిత్యానుభవంలోని పతనానికి ప్రధాన హేతువు కాలంలోని వక్రత. భూమికి చేరువలో కాలం మందంగా గడుస్తుంది. వస్తువుల మార్గం ఆ వైపే వంగుతుంది. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు గురుత్వభేదం వల్ల రోజుకు సుమారు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. వాటి వేగం వల్ల 7 మైక్రోసెకన్లు తగ్గుతాయి. మిగిలిన 38ని సవరించకపోతే స్థాననిర్ణయం తప్పుతుంది.

4. ముగింపు:

శక్తి స్థలకాలాన్ని ఎందుకు వక్రీకరిస్తుందన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఐన్‌స్టీన్ సమీకరణం ఆ సంబంధాన్ని నిర్దేశిస్తుందే కాని, దాని మూలాన్ని చెప్పదు. క్వాంటం సిద్ధాంతంతో దాని సమన్వయమూ నేటికీ కుదరలేదు. అయినా ప్రశ్న ఒక మెట్టు లోతుకు దిగింది. కనుక బోధనలో ‘ఆకర్షణ’ను కనిపించే ఫలితానికి పేరుగా గ్రహించాలే తప్ప, దానికి కారణంగా కాదు.