బాల్యమున దవడకు శస్త్రము: ఏండ్లు గడచిన పిదప ఫలము

మొగము ఒకవైపు చిన్నదిగా నుండి పుట్టు శిశువులు కొందఱు గలరు. 3,500 మొదలు 5,600 కాన్పులకు ఒకరు చొప్పున నుందురని వైద్యులు లెక్కగట్టిరి. అట్టివారికి ఒకపక్క క్రింది దవడయు, చెవియు, కండయు సరిగా నెదుగవు. గడ్డము ఆ పక్కకే యొఱగును. ఇది గ్రహణదోషమని మన యూళ్లలో ననుట కలదు. గ్రహణమునకును దీనికిని సంబంధము లేదు. గర్భము ధరించిన తొలినెలలలో, ఆ యవయవములు రూపొందునపుడు కలిగిన కొఱత యిది. తల్లిని నిందించుట న్యాయము కాదు.

శస్త్రము వెంటనే చేయింపవలెనా, బిడ్డ యెదుగువఱకు వేచియుండవలెనా యనునదే తలిదండ్రుల చింత. దానిని విచారింతము.

ఎముకను కోసి మెల్లగా సాగదీసి పెంచు విధానమును రష్యాదేశపు కుర్గాన్ నగరమున ఇలిజారోవ్ అను వైద్యుడు 1950 తరువాత కాలిసేతుల యెముకలకు నెలకొల్పెను. న్యూయార్కు నగరమున మెకార్తీ యను శస్త్రవైద్యుడు దానిని పిల్లల దవడకు ప్రయోగించి, నలుగురి వృత్తాంతమును 1992లో ప్రకటించెను. దవడయెముకను కోసి మరగల సాధనమును బిగింతురు. కొన్నిదినము లాగి, దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున మరను త్రిప్పుదురు. నడుమ సందున క్రొత్తయెముక పుట్టును. ఆ నలుగురికి 18 మొదలు 24 మిల్లీమీటర్ల వఱకు పెరిగినది.

మొగము అప్పటికి చక్కబడును. కాని యేండ్లు గడచినకొలది గడ్డము మరల నొఱగుట పలువురియందు కానవచ్చినది. మంచిపక్క దవడ తన వేగముననే పెరుగును. కొఱతపక్క తన మందగతినే పెరుగును. శస్త్రము పొడవు నిచ్చును గాని పెరుగు శక్తి నీయజాలదు. ఒకే బాటను పోవు రెండుబండ్లలో వెనుకబడినదానిని ఒకమారు ముందునకు తెచ్చి సమముగా నిలిపినను, ఎడ్లు అవియే గనుక ఆమడ గడచునప్పటికి అది మరల వెనుకబడును గదా! బాల్యమునందలి యీ సాగదీత చిరకాలము ఫలించుననుటకు నిదర్శనము లేదని 2009లో వెలువడిన యొక సమీక్ష తేల్చెను. పెద్దయైన పిదప మరల శస్త్రము పలువురికి అవసరమగును. బాల్యమున కోసినచో మొలవని దంతముల మొగ్గలకును, క్రిందిపెదవి స్పర్శనాడికిని హాని కలుగవచ్చును.

అట్లని బాల్యశస్త్రము వ్యర్థమని యనరాదు. దవడ మిక్కిలి చిన్నదై, నాలుక వెనుకకు జాఱి, ఊపిరి యాడని పసిబిడ్డకు అది ప్రాణదానమే. దవడను ముందునకు సాగదీసినచో శ్వాసమార్గము తెఱచుకొనును. అచ్చట ఆలస్యము తగదు. కేవలము రూపముకొఱకే యైనచో, పెరుగుదల ముగియువఱకు ఆగుట మేలని పలువురు వైద్యుల యభిప్రాయము. తోడిపిల్లల యెగతాళికి బిడ్డ క్రుంగుచున్నచో, నడిమి కొన్నియేండ్ల యూరటకైనను ముందే చేయింపవచ్చునని మఱికొందఱందురు. రెండును విచారింపదగిన మాటలే.

కావున పెద్దలు తలిదండ్రులకు చెప్పవలసిన దేమనగా: ఒక్క శస్త్రముతో సర్వము తీరునని నమ్మి పొలము నమ్ముకొనవలదు. ఇది ఊపిరికొఱకా, రూపముకొఱకా, మరల నెన్నడు చేయవలసివచ్చునని వైద్యుని ముందే యడుగుడు. బిడ్డ వినికిడిని తప్పక పరీక్ష చేయింపుడు. బడిలో మంచిచెవి పంతులవైపున నుండునట్లు ముందువరుసను కూర్చుండబెట్టింపుడు. ఎందఱకో చదువు చెప్పిన నా యనుభవమున, వినబడని బిడ్డనే మనము మందబుద్ధి యని పొరబడుచుందుము. దవడ చక్కబడుటకు ఏండ్లు పట్టవచ్చును. చదువు మాత్రము ఆగరాదు.